అరవై రెండు కిలోల అక్క

నాకు ముక్కు మీద ఉంటుంది కోపం. మా అక్కకి నాలుక మీద ఉంటుంది. ఈ రెండిటి మధ్యా మా కుట్టు షాపు ముప్పై ఏళ్ళుగా నడిచిందంటే అది మా ప్రయోజకత్వం కాదు, కుట్టు మిషన్ల ఓర్పు. అక్క కొలతలు తీసి గుడ్డ కోస్తుంది, నేను కుడతాను. ముందు గది షాపు, వెనక రెండు గదులూ ఇల్లు. ఇద్దరం పెళ్ళి జోలికి పోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "సరైన కొలత దొరకలేదు" అంటూ అక్క టేపు మెడలో వేసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

గుడ్డ కోయడంలో అక్కది ఒకటే పట్టుదల. కొలతకి కొలత కోయదు. నడుము ముప్పై నాలుగంటే ముప్పై నాలుగుకే కుట్టిస్తుంది గానీ, లోపలివైపు రెండంగుళాల గుడ్డ మడిచి వదిలేస్తుంది. తొడుక్కున్న మనిషికి కూడా తెలియదు. "కొలత తీసిన రోజున ఉన్నట్టే ఉండిపోతారా మనుషులు? ఎప్పుడో కావలసి వస్తుంది. అప్పుడు లోపల ఉండాలి" అంటుంది. గుడ్డ దండగని నేను గొణిగేదాన్ని. అయిదేళ్ళ తర్వాత అదే ప్యాంటు పట్టుకుని, పొట్ట పెంచుకుని ఆ మనిషే వచ్చేవాడు. అక్క నా వైపు చూసేది కూడా కాదు, కుట్టు విప్పమని నా మిషను మీద పడేసేది.

అలాంటి అక్కకి కిందటేడు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ చచ్చుబడ్డాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చాక ఒక నర్సు పొద్దునా సాయంత్రం వచ్చి, మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చి వెళ్ళేది. ఒక మధ్యాహ్నం అక్కకి బాత్రూముకి వెళ్ళాల్సి వచ్చింది. నర్సు వచ్చేదాకా ఆగలేనంది. నేనే ఎత్తబోయాను. ఇద్దరం కలిసి మంచానికీ బీరువాకీ మధ్య పడిపోయాం.

గంటసేపు అలాగే ఉన్నాం. నా మణికట్టు బెణికింది, అక్క సగం నా మీద ఉంది, ఆవిణ్ణి పక్కకి జరిపే బలం కూడా నాకు లేదు. చివరికి కోటు కోసం ఒకాయన వచ్చి, పిలిచి పిలిచి, లోపలికి తొంగి చూశాడు. అక్క నేల మీద నుంచే, "మీది బుధవారం కదండీ ఇస్తామన్నాం" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మా తమ్ముడు ఆ సాయంత్రమే వచ్చాడు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. వాడు మెల్లగా మాట్లాడాడు.

"చిన్నక్కా, ఈ నర్సు ఇంకో అయిదు నెలల్లో వేరే ఊరు వెళ్ళిపోతోంది. ఇంత నమ్మకమైన మనిషి మళ్ళీ దొరకదు. నీకు చూస్తే పెద్దక్కని ఎత్తడం రాదు. ఇలాంటివాళ్ళని చూసుకునే హోమ్ ఒకటుంది. నేను వెళ్ళి చూసొచ్చాను. శుభ్రంగా ఉంది."

నేను అక్క వైపు చూశాను, వాణ్ణి నాలుగు దులుపుతుందని. అక్క గోడ వైపు చూస్తోంది. నా యాభై నాలుగేళ్ళ బతుకులో ఆవిడ మాట లేకుండా ఉండడం అదే మొదటిసారి.

అడ్డుపడింది అప్పుడే వచ్చిన ఫిజియోథెరపీ ఆవిడ. వారానికోసారి వచ్చి అక్క చేత ఒకటీ రెండూ లెక్కపెట్టిస్తూ కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది కాబట్టి మేం ఆవిణ్ణి టీచరమ్మ అంటాం. "ఎత్తడం ఏమీ బ్రహ్మవిద్య కాదు, బలం. బలం ఏ వయసులోనైనా వస్తుంది" అంది. తర్వాత నాతో, "మీరు ఈవిడ బరువుని నేల మీద నుంచి ఎత్తగలిగిన రోజున, మనిషిని ఎలా పట్టుకోవాలో నేను నేర్పిస్తాను. అంతవరకూ ముట్టుకోకండి" అంది.

తమ్ముడు ఆలోచించి సరేనన్నాడు. నర్సు వెళ్ళిపోయే ముందు ఆదివారం, వాడి ఎదురుగా, టీచరమ్మ ఎదురుగా, నేను ఒక్కదాన్నే అక్కని మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చాలి. మారిస్తే అక్క ఇంట్లో ఉంటుంది, లేకపోతే హోముకి వెళుతుంది. అంతే మాట.

"ఇంతకీ మీ బరువెంత?" అని టీచరమ్మ అడిగింది.

"అరవై రెండు. ఇరవై ఏళ్ళుగా అరవై రెండే" అంది అక్క, గోడ మీద నుంచి చూపు తిప్పకుండా.

మా వీధి చివర రెండు గదుల చిన్న జిమ్ ఒకటుంది. కానీ అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది ప్యాంట్లు నేను కుట్టినవే. వాళ్ళ ముందు వంగి లేవడానికి నాకు మొహం చెల్లలేదు. రెండోది, బస్టాపు ఎదురుగా షాపింగ్ కాంప్లెక్స్ మీద మూడో అంతస్తూ నాలుగో అంతస్తూ మొత్తం ఆక్రమించిన పెద్ద జిమ్. పొద్దున్న అయిదుకి తెరిస్తే రాత్రి పదకొండుకి మూస్తారు. ఎందులో చేరాలో తేల్చడానికి అక్క పక్క మీదే అట్టముక్క పెట్టించుకుని, గుడ్డ కోయడానికి వాడే ఖాకీ కాగితం పరిపించుకుని, కుడిచేత్తో సుద్దముక్క పట్టుకుని రెండు గడులు గీసింది. ఒక పక్క లాభం, ఒక పక్క నష్టం.

"పెద్దదాంట్లో నిన్నెవరూ పట్టించుకోరు. ఇది ఎటు రాయను?" అంది.

"రెండు పక్కలా రాయి" అన్నాను.

మొదటిరోజు మెట్లెక్కి ఆ అద్దాల తలుపు తోసి, అక్కడే నిలబడిపోయాను. అంత పెద్ద గదిని నేను రైల్వే స్టేషనులో తప్ప చూడలేదు. ట్రెడ్‌మిల్లులే ముప్పై ఆరు, లెక్కపెట్టాను. వాటి మీద ముప్పై ఆరుగురు కిటికీ వైపు పరిగెడుతున్నారు, ఒక్కరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఇనుము ఇనుముని తాకే చప్పుడు, రబ్బరు వాసన, తల అదిరే పాటలు, నలువైపులా అద్దాలు. ఆ అద్దాల్లో జనం ఇంకో రెండింతలు. నేను మనుషుల్ని చూసేది భుజం, ఛాతీ, నడుము అనే. అక్కడ నాకు తెలియని కొలతలు నడుస్తున్నాయి. ఒకతని భుజం ఇరవై మూడంగుళాలుంటుంది. ముప్పై ఏళ్ళలో అంత భుజం నా టేపు కిందికి రాలేదు. మనసులో అతనికి 'గుమ్మం' అని పేరు పెట్టుకున్నాను.

ట్యాబ్ పట్టుకున్న ట్రైనరు పరిగెత్తుకొచ్చాడు. "మీ గోల్ ఏంటి మేడమ్? వెయిట్ లాసా?"

"కాదు బాబూ, వెయిట్ ఎత్తడం. అరవై రెండు కిలోలు. మా అక్క."

అతను నా మొహంలోకి చూసి, ట్యాబులో 'కుటుంబ ఆరోగ్యం' అనే గడి నొక్కాడు. తర్వాత నాలుగు నిమిషాల్లో నలభై మిషన్లు చూపించి, ఏడాదికి సంతకం పెట్టించుకుని, ఇంకొకరి దగ్గరికి పరిగెత్తాడు. మళ్ళీ నా మొహం చూస్తే ఒట్టు.

ఆ రాత్రి నష్టాల గడి నిండిపోయింది. ఏ మిషను దగ్గరికెళ్ళినా ముందు ఇద్దరుంటారు. కొందరు మిషను మీద కూర్చుని ఫోనులో మునిగిపోతారు, లేవరు. లాకరు దొరకదు. నేర్పేవాడు లేడు. పాట ఆగదు. ఖాళీ రాడ్డే ఇరవై కిలోలు, దాన్ని ఎత్తితేనే ఒళ్ళు హూనమైంది. అక్క అన్నీ రాసింది. లాభాల పక్క 'ఎవరూ పట్టించుకోరు' ఒక్కటే ఉంది.

"మానేస్తావా?" అంది, సుద్ద ఊదుకుంటూ.

"సంతకం పెట్టాను కదా, చచ్చినట్టు వెళ్ళాలి" అన్నాను. అదీ నష్టాల్లోనే రాసింది.

రెండో వారంలో ఒక సంగతి జరిగింది. సాయంత్రం ఆరున్నర, జనం కిటకిటలాడుతున్నారు. ఒక బక్కపలచని మనిషి బెంచీ మీద వెల్లకిలా పడుకుని రాడ్డుని ఛాతీ మీదికి దించి, పైకి తోస్తున్నాడు. సగంలో ఆగిపోయింది. చేతులు వణుకుతున్నాయి. అతను ఎవరినీ పిలవలేదు, పిలిచే ఊపిరి కూడా లేదు. ఇటు నుంచి గుమ్మం, అటు నుంచి ఎవరో అమ్మాయి, చెవుల్లో పాటలు పెట్టుకునే వచ్చి, రాడ్డుకి రెండు కొసల కిందా అరచేతులు పట్టారు. పట్టారే గానీ తాకలేదు. రెండంగుళాల ఎడం ఉంచారు. "మీదే, మీదే, తొయ్యండి" అన్నాడు గుమ్మం. రాడ్డు మెల్లగా, చచ్చీ చెడీ, పైకి వెళ్ళింది. కొక్కెం మీద పడగానే ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. పేరు అడగలేదు, థాంక్స్ కోసం ఆగలేదు.

నేను నోరెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయాను. ఎవరూ ఎవరినీ పట్టించుకోరని కదా నేను చేరింది. ఆ తర్వాత రోజూ గమనించాను. ఒకే రాడ్డు మీద ఎనభై ఎత్తే మనిషీ ముప్పై ఎత్తే మనిషీ వంతులేసుకుంటారు, ఒకరి ప్లేట్లు ఇంకొకరు తీసి పెడతారు. రద్దీ ఎక్కువున్న రోజునే ఇది ఎక్కువ జరిగేది, ఖాళీగా ఉన్న రోజున ఎవరి మూల వాళ్ళది. అంత జనంలో అంత మర్యాద ఎక్కడ దాగుందో అని ఆశ్చర్యపోయి ఇంటికొచ్చేదాన్ని.

అక్కకి చెబితే మిగతావన్నీ వదిలేసి ఒక్కటే అడిగింది. "తాకలేదా?"

"తాకలేదు. తాకితే ఇక అది అతను ఎత్తినట్టు కాదట."

అక్క లాభాల గడిలో ఏదో రాసి, నాకు చూపించకుండా కాగితం మడిచేసింది.

గుమ్మమే నాకు ఎత్తడం నేర్పాడు. పగలు రొట్టెల ఫ్యాక్టరీలో పిండి బస్తాలు దించే పని అతనిది. "ఆంటీ, నడుముతో కాదు, కాళ్ళతో" అన్నాడు మొదటిరోజు. ఆంటీ అంటే ఊరుకోనని కసిరాను. "సరే అమ్మా, కాళ్ళతో" అన్నాడు. అంతకంటే కోపగించుకునే అవకాశం ఇవ్వలేదు. రాడ్డు మీద నా చేతులు ఎక్కడుండాలో గుర్తుకి సుద్దతో గీత గీశాను. గీత లేకపోతే కుట్టేవాళ్ళకి చెయ్యి సాగదు. మర్నాడు కౌంటరు దగ్గర అమ్మాయి, రాడ్లు పాడు చేయకూడదని నాకు క్లాసు పీకింది. ఆ రాత్రి అక్క అది నష్టాల్లో రాస్తూ, "గీత సరిగ్గా గీశావా అసలు?" అంది.

ముప్పై అయింది, నలభై అయింది. నెలనెలా తమ్ముడు అక్కని కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు, నర్సు తోడెళ్ళేది, నేను షాపులో ఉండేదాన్ని. మూడో నెలలో ఆసుపత్రి నుంచి రాగానే అక్క, "నాకు కొత్త నైటీలు కుట్టు. ఛాతీ దగ్గర కుచ్చులు బాగా పెట్టు, చేతులు వదులుగా ఉండాలి" అని హుకుం జారీ చేసింది. మంచం మీద ఉన్న మనిషికి ఈ షోకులేమిటని విసుక్కుంటూనే కుట్టాను. కుచ్చులకి మామూలు కంటే మీటరు గుడ్డ ఎక్కువ పట్టింది.

యాభై అయిదు దగ్గర నేను ఆగిపోయాను. మూడు వారాలు రాడ్డు నేలని వదల్లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. ఒక రాత్రి అక్క మంచం పక్కన చతికిలబడి, "నా వల్ల కాదు. ఒక్కమాట నిజం చెప్పు, నువ్వు నిజంగా అరవై రెండేనా? తిండి కూడా సరిగ్గా తినడం లేదుగా" అన్నాను.

"పడుకుని తింటే పెరుగుతారే గానీ తగ్గుతారా?" అంది అక్క. "నన్ను తగ్గించడానికి చూడకు. నువ్వు పెరుగు."

ఆ మాటకి వచ్చిన కోపంతోనే ఇంకో నెల లాగాను.

చివరి వారం గురువారం. షాపు మూసి వెళ్ళేసరికి జిమ్ ఊపిరాడకుండా ఉంది. రాడ్డు దగ్గర నా ముందు ముగ్గురు. ఇరవై నిమిషాలు నిలబడ్డాను. నర్సు వెళ్ళే వేళకి ఇంట్లో ఉండాలి, గడియారం చూస్తూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నా ముందున్న అమ్మాయి చెవుల్లోంచి పాటలు తీసి, "మీకెన్ని సెట్లున్నాయి?" అంది.

"ఒక్కటే. ఒక్కసారి. అరవై రెండు" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను పైనించి కిందికి చూసి, పక్కకి జరిగి, తన ప్లేట్లు తీసి నావి తనే వేసింది. కిలో ప్లేట్లు ఎక్కడో మూలనుంటే వెతికి తెచ్చింది. గుమ్మం దూరం నుంచి చూసి, "కాళ్ళతో అమ్మా" అన్నాడు. నేను వంగి పట్టుకున్నాను. మంచానికీ బీరువాకీ మధ్య ఆ గంట గుర్తొచ్చింది. కాళ్ళు నేలని తొక్కాయి. రాడ్డు లేచింది. మోకాళ్ళు దాటింది. నేను నిటారుగా నిలబడ్డాను, నా చేతుల్లో మా అక్కంత బరువు ఉంది. ఎదుటి అద్దంలో ఎవరో నెరిసిన జుట్టు మనిషి అరవై రెండు కిలోలు పట్టుకుని ఉంది. ఆవిణ్ణి చూసి నాకు భయమూ భక్తీ కలిగాయి.

దించాను. పాట మోగుతూనే ఉంది. ముప్పై ఆరుగురూ పరిగెడుతూనే ఉన్నారు. ఆ అమ్మాయి, "అయిపోయిందా అండీ?" అని మర్యాదగా అడిగి తన ప్లేట్లు వేసుకుంది. నా జీవితంలో అంత గొప్ప సంగతి జరిగిన చోట అర నిమిషంలో ఇంకొకరి వంతు మొదలైంది. నాకెందుకో అదే నచ్చింది. మెట్లు దిగుతూ ఏడ్చాను.

శుక్ర, శనివారాల్లో టీచరమ్మ వచ్చి, తన మీదే నా చేత సాధన చేయించింది. చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి, వీపు వెనక పట్టు బిగించి, నా మోకాలు ఆవిడ మోకాలికి ఆనించి, లేపి, తిప్పి, కూర్చోబెట్టడం.

ఆదివారం పొద్దున్న తమ్ముడు వచ్చాడు. చేతిలో హోము వాళ్ళ కాగితాలున్న కవరు. మంచం అంచు మీద అక్క కుచ్చుల నైటీలో కూర్చుని ఉంది. నాలుగడుగుల అవతల కుర్చీ. తమ్ముడు ముందుకు రాబోతే టీచరమ్మ ఆపి, తను నా పక్కన నిలబడి, రెండు చేతులూ చాచింది. రెండంగుళాల ఎడం. ఆ చేతుల్ని నేను గుర్తుపట్టాను.

వంగాను. చేతులు పోనిచ్చాను. "ఊపిరి పీల్చు" అంది అక్క, నాకే చెబుతున్నట్టు. కాళ్ళతో నేలని తొక్కి, అరవై రెండు కిలోల కోసం దాచుకున్న బలమంతా పెట్టి లేపాను.

అక్క ఎగిరినట్టు లేచింది. పాదాలు నేలని వదిలేశాయి. నేను వెనక్కి ఒక అడుగు వేసి తమాయించుకున్నాను. నా చేతుల మధ్య కుచ్చులూ, కుచ్చుల లోపల పక్కటెముకలూ, మధ్యలో ఏమీ లేదు. రోజూ చూసే మనిషిలో తరుగుదల కనపడదంటారు. కనపడింది, నేనే చూడలేదు. నైటీకి ఆ మీటరు గుడ్డ ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమైంది.

"అక్కా" అన్నాను ఆవిడ చెవిలో. "నువ్వు అరవై రెండు కాదు."

"నలభై తొమ్మిది. ఆసుపత్రి కార్డు దిండు కింద ఉంది. టీచరమ్మకి తెలుసు, చెప్పొద్దని ఒట్టేయించుకున్నా."

టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. చేతులు మాత్రం అలాగే పట్టుకుని ఉంది.

"మరి నాకెందుకు..."

"కొలతకి కొలత కోస్తామా ఎక్కడైనా?" అంది అక్క. "నలభై తొమ్మిదంటే నలభై తొమ్మిది దగ్గర మానేసేదానివి. తర్వాత నాకు ఒళ్ళొస్తేనో? నీకు జ్వరమొచ్చిన రోజునో? లోపల ఉండాలే."

తమ్ముడు కవరు తీసుకెళ్ళి కుట్టు మిషను మీద పెట్టాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. "చిన్నక్కా, ఇక కూర్చోబెట్టు. అలసిపోతావు" అన్నాడు.

నేను తిరగబోయాను.

"ఉండు, దించకు" అంది అక్క.

నా భుజం మీదుగా, తలుపులోంచి, ముందు గదిలోకి చూస్తోంది. కుర్చీలో కూర్చున్నా, మంచం మీద పడుకున్నా, ఇన్ని నెలలుగా ఆవిడకి కనిపించినవి కటింగ్ టేబుల్ కాళ్ళే. ఇప్పుడు టేబుల్ పైభాగం కనిపిస్తోంది. టేపూ, కత్తెరా, సుద్దపెట్టె, నిన్న నేను పరిచిన నీలం గుడ్డ.

"ఆ గుడ్డ అడ్డంగా పరిచావు. అలా కోశావంటే ప్యాంటు మోకాలి దగ్గర మెలితిరుగుతుంది" అంది.

"సరిచేస్తాలే."

"కత్తెర అంచున పెట్టావు, పడుతుంది."

"తీస్తాలే అక్కా."

ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. మా ఇద్దరి ఊపిరీ ఒకటే చోట ఆడుతోంది. నా చేతుల్లో ఇంకా పదమూడు కిలోల బలం మిగిలి ఉంది. దాంతో అక్కని ఇంకాసేపు అలాగే నిలబెట్టాను.